నావ సందుల్లో నేను కూరిన దారం

మా ఆయన ఆ నావను కొని తెచ్చిన రోజు నేను దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. అంతా అయ్యాక లోపలికి వంగి చూస్తే ముందుకొన దగ్గర, లోపలి పలక మీద గీతలు కనిపించాయి. ఉలితో చెక్కిన నిలువు గీతలు, ఒక్కొక్కటి వేలెడంత పొడవు. లెక్కపెట్టాను. పదిహేడు. వాటిలో ఒకటి మాత్రం అడ్డంగా ఉంది, మిగతావాటికంటే లోతుగా.

"ఇవేందయ్యా?" అని అడిగాను.

"ఏమో, పాత నావ. ఎవలో గీసిన్రు."

"అమ్మినాయన్ని అడగకపోయినవా?"

"ఆయన నావ నడిపినోడు కాదే. ఇటుకబట్టీల కాలవెట్టనీకి కొన్నడు. చీల్చకముందు నేను వోయిన. గీతల కథ ఆయనకేం ఎరుక?"

నాకు అప్పుడు మొదలైంది భయం. నదిలో మనుషులు పోతే ఒడ్డున రాయి పాతడం చూశాను. పోయినవాళ్లను నావ మీదే గీసి పెట్టుకున్నారేమో అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. కొత్తగా పసుపు రాసిన నావ ముందు అలాంటి మాట అనకూడదు.

మేం నేతవాళ్లం. మా బాపుకి పవర్‌లూమ్ షెడ్డు ఉండేది, ఇప్పటికీ నాలుగు మగ్గాలు ఉన్నాయి. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జబ్బు చేసి రెండేళ్లు మంచంలో ఉన్నాను, ఆ తర్వాత నన్ను బయటికి పంపడానికి మా అవ్వకు ధైర్యం చాలలేదు. మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి కరెంటు పోయినప్పుడే నా చదువు. మగ్గాలు ఆగిపోగానే మా బాపు పలక తీసేవాడు. కరెంటు రాగానే అక్షరం సగంలో ఉన్నా లేచిపోయేవాడు. అలా నేర్చుకున్నాను చదవడం, రాయడం, కొద్దిగా లెక్కలు. కరెంటు పోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్న పిల్ల మా ఊళ్లో నేనొక్కతినే అయి ఉంటాను.

మా ఆయనది గోదావరి ఒడ్డు. వాళ్ల తాతలు చేపలు పట్టి, నావలు నడిపి బతికారు. ఆయన పెరిగేనాటికి ఏడాదిలో సగం నదిలో ఇసుకే, అందుకని మా బాపు దగ్గర మగ్గాలు నడపడానికి వచ్చి చివరికి అల్లుడయ్యాడు. రెండిళ్లలో కొన్నాళ్లు మాటలు నడిచాయి, తర్వాత సద్దుమణిగాయి. కింద ఆనకట్ట కట్టాక నదిలో ఏడాది పొడవునా నీళ్లు నిలుస్తున్నాయని తెలిసి, మగ్గాలకు పని కూడా తగ్గడంతో, మేం ఆయన ఊరికి వచ్చేశాం. అందరివీ ఫైబర్ పడవలు, ఇంజన్లు. ఈయన మాత్రం చెక్క నావ, తెరచాప అన్నాడు. గాలికి డీజిల్ పోయాల్సిన పని లేదు కదా అన్నాడు.

నావ వచ్చిన ఏడాదే మా బిడ్డ ఐదో తరగతి అయిపోయింది. పై తరగతులు అవతలి ఒడ్డున. వెనకట ఎండాకాలం ఇసుకలో నడిచి పోయేవారట. ఇప్పుడు వంతెన మీదుగా చుట్టూ తిరిగి రెండు బస్సులు మారాలి, మొదటి బస్సు చేరేసరికే బడిలో రెండో గంట కొడతారు. అందుకని పొద్దున్నే బిడ్డను నావలో దించి వస్తానన్నాడు ఈయన. వద్దు, ఇంట్లో నేనే చెప్పుకుంటాను చదువు, అనాలని నా నోటిదాకా వచ్చింది. నాకు తెలిసిందంతా ఒక్క ఏడాదిలో అయిపోతుందని కూడా నాకు తెలుసు.

నావను బోర్లించి సందులు తీశాం. పలకకు, పలకకు మధ్య నల్లగా పాత తారు, దాని కింద కుళ్లిన దూదిలాంటిదేదో పొడి పొడిగా రాలింది. మా ఆయనకు చిన్నప్పుడు వాళ్ల తాత సందుల్లో నూలు కూరుతుంటే చూసిన జ్ఞాపకం ఉంది.

"మీ బాపును అడిగి జర దారం పట్కరా. నీ అసుంటి సన్నటి చేతులైతే మంచిగ కూరుతయి," అన్నాడు.

బాపు సంచి నిండా వేస్టు దారం ఇచ్చాడు. తెల్లగా, మెరుస్తూ, పాలిస్టర్. మా మగ్గాల మీద నేను పుట్టినప్పటినుంచీ నడిచింది అదే. సందుల్లోంచి రాలిన ఆ కుళ్లు చూసి నేనే అన్నాను: "దూది కుళ్లుతది. ఇది మన మనుమలు వోయినా కుళ్లది." ఆయన కూడా మెచ్చుకున్నాడు. నాలుగు రోజులు కూర్చుని, పేని, ఉలితో లోపలికి నెట్టి, ఒక్కో జానకు ఒక్కోసారి దేవుడి పేరు తలుచుకుంటూ కూరాను. మీద ఇప్పనూనెలో కాచిన గుగ్గిలం పూశాం. చాలా అందంగా వచ్చింది.

నీళ్లలో దించినప్పుడు కొద్దిగా ఊరింది. కట్టె ఉబ్బితే ఆగుతుందన్నాడాయన. ఆగినట్టే ఆగింది. ఆయన ఒడ్డు వెంబడే వలలు వేసుకుని వస్తున్నాడు, ఏమీ కాలేదు. కానీ ఆ పదిహేడు గీతలు నన్ను నిద్రపోనివ్వలేదు. బడి తెరిచేలోపు ఈ నావ ఎవరెవరిని మోసిందో, ఎవరిని మోయకుండా వదిలేసిందో తెలుసుకోవాలని పట్టుబట్టాను.

బట్టీ ఆయన చెప్పిన గుర్తు పట్టుకుని ముందు లక్షెట్టిపేటకు పోయాం. అక్కడ గాజుల దుకాణం పెట్టుకున్న ఒక సాయెబు తాత. డెబ్బై దాటి ఉంటాయి. ఎందుకొచ్చామో చెప్పగానే గాజుల పెట్టెలు పక్కకు జరిపి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

"అరె, అది ఇంకా ఉన్నదా? నేను పొయ్యిల వోయిందనుకున్న. బేటీ, గాలి ఉంటే అది గుర్రం. గాలి లేకుంటే గాడిద. మేం అన్నదమ్ములం ముగ్గురం దాన్ని ఎన్ని తిట్లు తిట్టినమో నీకు చెప్పరాదు."

ఆదిలాబాదు అడవి వైపునుంచి వెదురు, ఎండాకాలంలో ఇసుకదిబ్బల మీద కాసిన తర్బూజలు, ఈ ఒడ్డుకు తెచ్చేవాళ్లట. ఒకసారి పెళ్లివాళ్లను కూడా ఎక్కించుకున్నారట. పెళ్లికొడుకు నీళ్లు చూసి భయపడి తెరచాప కట్టెను వాటేసుకుని దిగనంటే దిగనంటూ కూర్చున్నాడని చెప్పి సాయెబు తాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను ఆ పెళ్లికొడుకు వైపే ఉన్నాను.

"నీళ్లు రావడం ఉండెనా తాతా?" అని అడిగాను.

"ఒక్కపారి వచ్చినయి. నడుమ గంగల. తర్బూజలన్నీ తేలుకుంట వోయినయి, కింది ఊరి పోరలు పండుగ చేస్కున్నరు. మేం ఈదుకుంట బయటవడ్డం. అటెన్క ఏడాదికోపారి మంచిగ తారు పూస్తుంటి. నా చేతుల ఎవ్వలు సావలే. అల్లా దయ."

"మరి లోపట గీతలు?"

సాయెబు తాత నవ్వు ఆగింది.

"నేను కొన్ననాడే ఉన్నయి బేటీ. అడగలే. అడిగితే అమ్మినాయన చెప్తడేమోనని భయమైంది. నావ అప్పజెప్పి పోతుంటే ఆ మనిషి దాని మీద చెయ్యి వెట్టి ఏడ్చిండు. ఎడ్లను అమ్మి ఏడ్చినోన్ని చూసిన, నావను అమ్మి ఏడ్చినోన్ని గాయన్నే చూసిన." మా ఆయన వైపు తిరిగి, "నీ ఇంటామె పోలీసోళ్ల లెక్క అడుగుతాందిరా. నాకు యాదిలేనియన్నీ యాదికి తెస్తాంది," అన్నాడు.

నావను మొదట కట్టించుకున్న ఆ మనిషి బతికే ఉన్నాడని, జమ్మికుంటలో కూతురి దగ్గర ఉంటున్నాడని సాయెబు తాతే చెప్పాడు. లేచేటప్పుడు నా బిడ్డకని డజను ఎర్రగాజులు కట్టి ఇచ్చాడు. అడగకుండానే ఒక మనిషి అంత దయ చూపితే నాకు ఎప్పుడూ మనసు నిండుతుంది. ఆ రోజు నిండలేదు. నావను అమ్మి ఏడ్చిన మనిషే కళ్ల ముందు ఉన్నాడు.

సోమవారం బడి తెరుస్తారు. శనివారం నేనొక్కదాన్నే జమ్మికుంట పోయాను. అంత దూరం ఒంటరిగా పోవడం అదే మొదటిసారి. బిడ్డను చూసుకోవడానికి మా ఆయన ఇంటి దగ్గర ఆగాడు. నేను వచ్చేదాకా పిల్లను నావ ఎక్కించనని నాకు మాట ఇచ్చాడు.

వాళ్ల ఇల్లు పత్తి మార్కెట్ వెనక సందులో. సీజను ఎప్పుడో అయిపోయినా కరెంటు తీగలకు దూది ఇంకా వేలాడుతూనే ఉంది. తాత వాకిట్లో రేకుల కింద మంచం మీద ఉన్నాడు. చూపు దాదాపు లేదు. నేను ఫలానా అని చెప్పగానే, అత్తగారింటికి పంపిన ఆడపిల్ల గురించి అడిగినట్టు అడిగాడు.

"మంచిగున్నదా బిడ్డా? పక్కపలకలు ఇరగలే గదా? ఎండల ఉంచుతలేరు గదా?"

కూతురు నాకు చాయ్ ఇస్తూ నవ్వింది. "నిన్న నాకు జరం వస్తే గింత అడగలే. గా నావనే ఆయన పెద్దబిడ్డ."

"నువ్వు నీళ్లల్ల తేలుతవా?" అన్నాడు తాత.

టేకు దుంగలు ఎక్కడ కోయించాడో, ఎవరు వంచి మేకులు కొట్టారో, మొదటి తెరచాపను వాళ్ల అవ్వ మా నేతవాళ్ల దగ్గర ముతక గాడాబట్ట కొని ఎన్ని రోజులు కుట్టిందో అన్నీ చెప్పాడు. గాలి పెద్దదైతే తెరచాప తాడును ఎప్పుడూ కట్టెయ్యకూడదని, చేతిలోనే ఉండాలని, ఆ చేతిని గాలిలో ఆడించి చూపించాడు. నేను గీతల గురించి అడిగాను.

"అవా? ఒక్కో గీత ఒక్కో ఏడు బిడ్డా. ఎండకాలం నావను బోర్లవెట్టి, సందులన్ని తీసి, కొత్త దూది పెట్టిన ఏడు ఒక గీత. మేం చదువుకోలేదు గదా. గీత ఉంటే పని అయినట్టు."

నాలో ఏదో బరువు దిగింది. చచ్చినవాళ్ల లెక్క కాదు అది, పని లెక్క. నాకు ఏడుపు వచ్చేంత సంతోషం వేసింది. లోపలే దండం పెట్టుకున్నాను. దాని వెంటనే అడ్డగీత గుర్తుకొచ్చింది.

"మరి అడ్డంగ ఒకటున్నది తాతా?"

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. కూతురు ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

"ఆ ఏడు పెట్టలే. చెల్లె పెండ్లి ఉండె. రేపు, మాపు అనుకుంట వానలు వడ్డయి. పాత దూది ఇంకో ఏడు ఆగుతదనుకున్న. నా తమ్ముడు ఒక్కడు పోయిండు నావ తీస్కొని. వానికి ఈత వచ్చు. తెరచాప కింద చిక్కిండు." ఆగి మళ్లీ అన్నాడు: "అది అడ్డం గీసిన, నా కండ్లకు ఎప్పుడు కనవడాలని. తర్వాత ఏ ఏడు తప్పలే, ఇడిసిపెట్టేదాంక. మీరేం పెట్టిన్రు సందులల్ల?"

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. మా బాపు మగ్గాల దారమని, పాలిస్టర్ అని, ఎప్పటికీ కుళ్లదని.

"నీళ్లు తాగుతదా బిడ్డా అది?"

అంతే అడిగాడు.

నేను మగ్గాల ఇంట్లో పుట్టిన దాన్ని. ఆ జవాబు నాకు కాక ఎవరికి తెలుసు? పాలిస్టర్ బట్ట వానలో తడిస్తే ఒక్కసారి దులిపి తీగ మీద వేస్తాం, అన్నం ఉడికేలోపు ఆరిపోతుంది. గంజి పెడితే పట్టదు. మూట ముడి వేస్తే జారుతుంది. ముప్పై ఏళ్లుగా ఇవన్నీ తెలిసి ఉండి, నాలుగు రోజులు కూర్చుని దేవుడి పేరు చెప్పుకుంటూ ఆ దారాన్నే కూరాను.

"తాగదు తాతా," అన్నాను.

"దూది తాగుతది. తాగి ఉబ్బి పలకను పట్టుకుంటది. అందుకే కుళ్లుతది, అందుకే ఏడాదికోపారి. తాగంది ఉత్తగ కూసుంటది బిడ్డా. గుగ్గిలం ఉన్నన్ని దినాలు ఉంటది. గాలికి నావ ఒరిగి పలకలు జర మెదిలితే చాలు, గుగ్గిలం పలుగుతది. దారం జారి బయటికొస్తది. ఇంకా గాలిమీద తీస్కపోలేదు గదా?"

లేదన్నాను. వెంటనే ఫోన్ తీసి మా ఆయనకు చేశాను. మోగింది, ఎత్తలేదు. నీళ్లమీదికి పోతే ఫోను ఇంట్లో పెట్టి పోతాడు. పక్కింటి అక్కకు చేశాను.

"మీ ఆయనా? పిల్లను తీస్కొని అద్దరికి వోయిండు గదనే. గాలి మంచిగున్నది, నువ్వొచ్చేలోపు బడి సూపిచ్చుకొస్త అన్నడు. తెరచాప ఎత్తి పోతాంటే సూడ సక్కగుండె. ఎందుకు, ఏమైంది?"

నేను చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. ఎవరి ఫైబర్ పడవ ఒడ్డున ఉంటే వాళ్లను పంపు అక్కా, కాళ్లు మొక్కుతా అన్నాను. ఆమె సరేనని కూడా అనకుండా పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

జమ్మికుంటనుంచి కరీంనగర్, అక్కడ బస్సు మారి మా ఊరు. మూడు గంటల దారి. ఆపద వచ్చినప్పుడు, ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తలుచుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం నాకు అలవాటు. కళ్లున్నాయి, కాళ్లున్నాయి, మా బాపు ఉన్నాడు అని. ఆ రోజు బస్సులో మొదలుపెట్టి, నాకు బిడ్డ ఉంది అనే దగ్గరకు వచ్చి ఆగిపోయాను. ఉంది అనడానికి నోరు రాలేదు. కరీంనగర్ బస్టాండులో గాలికి అరటిపండ్ల బండి మీది ప్లాస్టిక్ కవరు లేచి కొట్టుకుంటుంటే, ఆ గాలి నదిమీద కూడా ఇలాగే ఉందా అని ఆ బండి ఆయన్ని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, కూర్చోమ్మా అని తన స్టూలు జరిపాడు.

నా వేళ్లనే చూసుకుంటూ కూర్చున్నాను. ఎవరి పాపమో ఆ నావలో ఉందని ఊళ్లు పట్టి తిరిగాను. నా పని మాత్రం నేను చూసుకోలేదు.

ఊరి దగ్గర బస్సు దిగి ఒడ్డుకు ఉరికాను. పది మంది దాకా ఉన్నారు. ముందు నా బిడ్డ కనిపించింది. పక్కింటి అక్క కొంగు కప్పుకుని, మోకాళ్లదాకా తడిసి, చేతిలో టిఫిన్ డబ్బా మూతతో నిలబడి ఉంది.

"అమ్మా, నేను దీనితోనే నీళ్లు తోడిన. మస్తు తోడిన. నాయినకంటె ఎక్కువ నేనే తోడిన," అంది.

నేను దాన్ని పట్టుకుని కింద కూర్చుండిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు నడి నదిలో గాలి పెరిగి నావ ఒరగగానే నీళ్లు వచ్చాయట. ఒక పక్క సందు పొడవునా విడిపోయిందట. మా ఆయన తెరచాప దించేసి తెడ్డు వేస్తున్నాడు, బిడ్డ తోడుతోంది. అప్పటిదాకా పడవ దొరకక ఒడ్డునే కాచుకుని ఉన్న పక్కింటి అక్క అరిస్తే, అప్పుడే వచ్చి వల సర్దుకుంటున్న ఒకతను ఇంజన్ వేసుకుని పోయి బిడ్డను ముందు తన పడవలోకి తీసుకుని, నావకు తాడు కట్టి లాక్కొచ్చాడు. అతని చేతులు పట్టుకుని దండం పెట్టబోతే, "నాకెందుకక్కా, గీ పొల్లకు పెట్టు. ఏడ్వలే, మొత్తుకోలే," అన్నాడు.

నావ ఒడ్డున సగం మునిగి ఉంది. పలకల మధ్యనుంచి నా దారాలు పొడుగ్గా బయటికి వచ్చి నీళ్లలో ఆడుతున్నాయి. తెల్లగా, మెరుస్తూ, కూరిన రోజు ఎలా ఉన్నాయో అలాగే. ఒకటి లాగితే మూరెడు వచ్చింది. దులిపితే ఆరిపోయింది.

మా ఆయన దగ్గరకు వచ్చాడు. "మాట తప్పిన," అన్నాడు.

"దారం నాది," అన్నాను.

ఆ తర్వాత పది రోజులు బిడ్డను బడికి పంపలేదు. ఇంట్లోనే చెప్పుకుంటానని ఈసారి పైకే అన్నాను. ఆయన వద్దనలేదు. నువ్వెట్లంటే అట్లనే అన్నాడు. రెండు రోజులు పలక ముందు పెట్టుకుని కూర్చున్నాం నేనూ, బిడ్డా. మూడో రోజు అది భూగోళం పుస్తకం తెచ్చి, భూమి తిరుగుతుంటే మనమెందుకు పడిపోమని అడిగింది. నాకు తెలియదు. నాకు తెలియదని చెప్పడం కష్టంగా లేదు. ఇంకెవరు చెప్తారు అని అది అడగకుండా ఊరుకోవడం కష్టమైంది.

జమ్మికుంటకు ఫోన్ చేశాను. తాత కూతురు జిన్నింగు మిల్లులో అడిగి దూది తీసుకుని బస్సులో పంపింది. మా బాపు వచ్చి దాన్ని వదులుగా పేనాడు. గట్టిగా పేనితే నీళ్లు తాగదని తాత చెప్పాడు. పాత దారమంతా కొక్కెంతో లాగేసి, మళ్లీ మొదటినుంచి కూరాం. తాతకు చూపు లేదు కదా, ఫోను పలక పక్కన పెట్టమన్నాడు. చెక్కసుత్తితో ఉలిమీద కొట్టే చప్పుడు వింటూ కూర్చునేవాడు.

"ఆగు, ఆడ బోలుగున్నది. తియ్యి. మల్ల కూరు."

బోలుగా ఉందో లేదో నాకు తెలిసేది కాదు. ఆయన తీయమంటే తీశాం, చాలన్నాక జరిగాం. ఒక సందు నాలుగుసార్లు తీయించాడు. నాలుగోసారి చప్పుడు మారింది, అది నాకూ తెలిసింది. గట్టిగా, పొట్టిగా. "గదీ," అన్నాడు తాత.

నీళ్లలో దించి మూడు రోజులు ఒడ్డునే కట్టి ఉంచాం. మొదటి రోజు చెంబెడు నీళ్లు వచ్చాయి. మూడో రోజు అరచేయి పెడితే తడి తగిలింది, అంతే. తాత చెప్పినవి కాక ఇంకొన్ని షరతులు నేను పెట్టాను: గాలి లేని పొద్దునే పోవాలి, తెరచాప ఎత్తొద్దు, బిడ్డకు మత్స్య సంఘంలో అడిగి తెచ్చిన లైఫ్ జాకెట్ వేయాలి. ఇంకా ఒకటి. మొదటి రోజు నేనూ ఎక్కుతాను.

"నీకు ఈత రాదు గదనే," అన్నాడాయన.

"అందుకే," అన్నాను.

ఎక్కాను. బిడ్డ ముందు కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, అవతలి ఒడ్డున ఏ చెట్టు వెనక బడి ఉందో చూపిస్తూనే ఉంది. నేను చూడలేదు. విడిపోయిన ఆ సందు పక్కన కింద కూర్చుని దాని మీద అరచేయి ఆనించి పెట్టాను. లోతు వచ్చిందని తెడ్డు చప్పుడుతో తెలిసింది. చెయ్యి కింద చల్లగా ఉంది. తడి పెరిగిందా, నా చెమటా అని ఒకటికి పదిసార్లు తీసి చూసుకున్నాను.

"అమ్మా, జర పైకి చూడరాదు," అంది బిడ్డ.

"నువ్వు చూడు బిడ్డా. చూసి నాకు చెప్పు," అన్నాను.

అది చెప్తూ పోయింది. నేను చెయ్యి తీయకుండా విన్నాను.